జ్యూడ్‌గెలెండెలో "వదిలేసిన అడవి" అంటారు కదా, మరి చెట్లెందుకు కొడుతున్నారు? (రొబీనియా, కంకర, మట్టి మీద సందేహాలు)

మజిలీ అడిగిన ప్రశ్న:

నమస్తే అండీ. బెర్లిన్‌లో ల్యాండ్‌స్కేప్ ప్లానింగ్ మాస్టర్స్‌లో ఉన్నాను. మూతపడిన ఒక గూడ్స్ యార్డుకు పదేళ్ల నిర్వహణ ప్లాన్ రాయమన్నారు. స్థలం ఊహించుకున్నదే, విస్తీర్ణం 3 హెక్టార్లు. నమూనాగా షోనెబెర్గ్‌లోని జ్యూడ్‌గెలెండె నేచర్ పార్కును తీసుకోమన్నారు.

దాని గురించి ఎవరిని అడిగినా "మనిషి చెయ్యి పడకుండా దానంతట అదే పెరిగిన అడవి" అంటున్నారు. నిర్వహణ కాగితాల్లో మాత్రం ఎక్కడ చూసినా కోత, మేత, చెట్ల తొలగింపే. ఇదెలా పొసుగుతుంది? రొబీనియా అనే ముళ్ల చెట్టును నరికితే ఒకటికి పది లేస్తుందని కూడా చదివాను, మరి దాన్ని తీసే పద్ధతేమిటి? పట్టాల కింది కంకర మీద మొక్కలు రావాలంటే మట్టి తోలించాలా? చివరిగా, ఇదే సూత్రం మన వైపు పాత రైల్వే సైడింగులకు (వాడకం ఆగిన పక్క పట్టాలకు) పనికొస్తుందా? చేసి చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

---

లూప్‌లైను:

పొసగదు. అందుకే "చెయ్యి పడకుండా" అన్న మాట మీ పేపర్లో రాయొద్దు, గైడు కొట్టేస్తాడు.

అసలు సంగతి ఇది. ఇప్పుడు పార్కు ఉన్నచోట ఉండిన టెంపెల్‌హోఫ్ మార్షలింగ్ యార్డు 1880, 1890ల మధ్య కట్టింది. యుద్ధం అయ్యాక నగరం రెండు ముక్కలైంది. స్థలమేమో పశ్చిమ బెర్లిన్‌లో, రైళ్లు నడిపేదేమో తూర్పు జర్మనీ రైల్వే. వ్యాగన్లు విడదీసి కూర్చే పని అక్కడ ఇక లేకపోవడంతో 1952లో యార్డు ఆపేశారు. అమ్మడానికీ లేదు, వాడటానికీ లేదు. ఆ పేచీయే పచ్చదనానికి ఎరువైంది. తర్వాత పశ్చిమ బెర్లిన్ ప్రభుత్వం అక్కడే కొత్త గూడ్స్ స్టేషన్ కట్టాలని చూసింది. 1980ల్లో స్థానికులు అడ్డం పడ్డారు, ఆ పథకం పోయింది. గోడ కూలాక నగరంలో మిగతాచోట్ల వేసిన రైల్వే పనులకు నష్టపరిహారం కింద ఈ స్థలం నగరానికి దక్కింది. 1999లో చట్టపరమైన రక్షణ, 2000లో జనానికి ప్రవేశం. మొత్తం 18 హెక్టార్లు.

ఇప్పుడు మీ ప్రశ్న. 1981 సర్వేలో చెట్లూ పొదలూ కమ్మిన భాగం 37 శాతం. 1991 సర్వేకల్లా అది 70 శాతం. పదేళ్లలో దాదాపు రెట్టింపు! అలాగే వదిలేసి ఉంటే ఈపాటికి అంతా ఒకే రకం అడవి. చెట్లు పెరిగితే నష్టమేంటి అంటారేమో. అక్కడ అరుదైనవన్నీ ఉండేది చెట్ల కింద కాదు, ఎండపడే ఎండుగడ్డి నేలలో. ఒంటరి తేనెటీగలు, మిడతలు, సాలీళ్లు, హాక్‌వీడ్ జాతి పసుపు పూలు, అన్నీ అక్కడే. నీడ పడితే అవి పోతాయి.

అందుకని ప్లాన్ వేసినవాళ్లు స్థలాన్ని మూడుగా విడగొట్టారు. మన మాటల్లో చెప్పాలంటే బయలు, తోపు, అడవి. బయలులో మొలిచిన చెట్టును మొలిచినట్టే తీసేస్తారు. తోపులో చెట్లుంటాయి, కానీ పలచగా, కింద గడ్డికి వెలుతురు తగిలేలా. అడవిని మాత్రం నిజంగానే దాని మానాన దాన్ని వదిలేస్తారు, దారి మీద పడేలా ఉన్న కొమ్మల్ని తప్ప. మీ 3 హెక్టార్లకు మ్యాపు గీసేటప్పుడు ముందు ఈ మూడు గీతలూ గీయండి. ఎక్కడ ఏది అన్నది ఇష్టాన్ని బట్టి కాదు, ఇప్పుడు అక్కడ ఉన్నదాన్ని బట్టి: పట్టాలు కనిపిస్తూ గడ్డి ఉన్నచోటు బయలు, చెట్టు చుట్టుకొలత అర మీటరు దాటినచోటు అడవి. ఎదిగిన అడవిని కొట్టి బయలు చేయాలనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, పైగా ఫలితం దక్కదు.

దారి సంగతి కూడా. రక్షిత భాగంలో నేల మీద నడవనివ్వరు. నేలకు అర మీటరు ఎత్తున సుమారు 600 మీటర్ల ఇనుప జాలీ నడవ వేశారు. ఒడియస్ అనే లోహశిల్పుల బృందం చేసిన పని అది. జాలీ ఎందుకంటే వాన, వెలుతురు కిందికి దిగుతాయి, బల్లులూ కీటకాలూ కింద నుంచి అటూ ఇటూ పోతాయి. జనం కూడా, చిత్రంగా, బోర్డు పెడితే దాటుతారు కానీ అర మీటరు ఎత్తు దిగరు. మిగతా దారులు పాత పట్టాల వరుసలోనే పోతాయి. రైలు ఎక్కగలిగిన వాలు చక్రాల కుర్చీకి ఎప్పుడూ ఎక్కువ కాదు కాబట్టి అక్కడ ర్యాంపుల కోసం వేరే లెక్కలు అక్కర్లేదు.

చూడాలంటే ఎస్‌బాన్ (నగర రైలు) ఎక్కి ప్రీస్టర్‌వెగ్‌లో దిగండి, స్టేషన్ పక్కనే గేటు. టికెట్టు 1 యూరో, చిల్లర ఉంచుకోండి.

---

కొడవలి:

రొబీనియా గురించి నేను చెబుతాను. ప్లాన్లలో అందరూ తప్పు రాసేది ఇక్కడే.

నరికితే ఎందుకు లేస్తుంది? దాని సొత్తంతా వేళ్లలో ఉంటుంది. పైన కొట్టేస్తే ఆ నిల్వంతా పిలకలుగా బయటికి తన్నుతుంది, మొద్దు దగ్గరే కాదు, నాలుగైదు మీటర్ల దూరంలో కూడా. కాబట్టి చేయాల్సింది చెట్టును చంపడం కాదు, ముందు వేళ్లను మాడ్చడం. ఆకులు చేసిన చక్కెర వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలో. నీళ్లు పైకెక్కేది చెక్కలో. బెరడును ఒలిచి, చెక్కను ముట్టకుండా ఉంటే చెట్టు పైన బతికే ఉంటుంది, కింద వేళ్లు రోజురోజుకీ ఖాళీ అవుతాయి. దీన్ని ఇక్కడ రింగెల్న్ అంటారు, మన ఫారెస్టువాళ్లు గర్డ్లింగ్ అంటారు.

పని ఫిబ్రవరిలో. మణికట్టు కంటే లావున్న కాండాలకే ఇది. నడుము ఎత్తులో, 20 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పున బెరడు ఒలవాలి. రెండు పిడుల ఒలుపు కత్తి అయితే చేతికి హాయి. బెరడు కింద జారుగా ఉండే పలచటి పొర ఒకటి ఉంటుంది, అది కూడా పోవాలి. వేలితో రుద్దితే జిగురు తగలకూడదు, పొడి చెక్క తగలాలి. అంతకంటే లోతుకు పోతే గాలివానకు చెట్టు అక్కడే విరిగి, కింద మొద్దు మిగిలి, నరికిన చెట్టులాగే పిలకలేస్తుంది.

ముఖ్యమైన కిటుకు: మొదటి ఏడాది చుట్టూ పూర్తిగా ఒలవకూడదు. చుట్టుకొలతలో పదో వంతు నిలువు పట్టీ వదలాలి. 60 సెంటీమీటర్ల చుట్టు ఉంటే 6 సెంటీమీటర్ల పట్టీ. ఒక్కసారిగా పూర్తి రింగు వేస్తే చెట్టుకు నరికినట్టే తెలిసిపోతుంది, కింద పిలకలు మొదలు. పట్టీ ఉంటే పస్తుతో ఈడుస్తుంది. మరుసటి ఏడాది జూన్‌లో, ఆకు పలచబడి చిన్నదిగా వచ్చిందని చూసుకుని, ఆ పట్టీ తీసేయాలి. చెట్టు రెండు మూడేళ్లకు నిలువునా ఎండుతుంది. పూర్తిగా ఎండాకే కొట్టాలి.

ఎక్కడ చెడుతుందంటే, ఒకటి, మధ్యలో ఎవరూ వెళ్లి చూడరు. రింగు అంచు నుంచి కొత్త బెరడు నాలుకలా దిగి కింది అంచును అందుకుంటుంది. వేసవిలో ఆరు వారాలకోసారి చూసి గీరేయాలి, రింగు కింద లేచిన చిగుళ్లను చేత్తోనే పీకేయాలి. రెండు, గుంపులో సగం చెట్లకే రింగు వేస్తారు. ఆ గుంపంతా కింద ఒకే వేరు. వెనకాల ఒక్క చెట్టును వదిలేస్తే అది మిగతావాటికి అన్నం పెడుతుంది. గుంపుకు గుంపు ఒకే ఫిబ్రవరిలో అయిపోవాలి. మనుషులు చాలకపోతే గుంపులు తగ్గించుకోండి, గుంపును చీల్చకండి. మూడు, దారి పక్కన రింగు వేస్తారు. ఎండిన చెట్టు జనం మీద పడుతుంది. దారికి చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల రింగు వద్దు. అక్కడ నరికి, పిలకల్ని వేసవికి మూడు నాలుగుసార్లు కోస్తూ కొన్నేళ్లు ఓపిక పట్టడమే.

మణికట్టు కంటే సన్నవాటిని వాన పడిన మర్నాడు వేరుతో సహా లాగేయండి. ఆస్పెన్‌ది కూడా రొబీనియా బుద్ధే, దానికీ ఇదే మందు. బర్చ్ పాపం సాధువు, ఎదిగిన చెట్టును నేలమట్టంగా కోస్తే చాలావరకు అంతటితో సరి.

రొబీనియా బెరడు గుర్రాలకు విషం. ఒలిచిన బెరడును గుర్రాలు మేసే చోట వేయకండి. ముళ్లు జంటలుగా ఉంటాయి, తోలు గ్లవ్స్ లేకుండా దిగొద్దు. తోపుడుబండికి గాలి టైరు కాకుండా గట్టి రబ్బరు చక్రం వేయించండి, లేకపోతే మొదటి గంటలోనే పంక్చరు.

ఇంకొకటి. జర్మనీ ప్రకృతి రక్షణ చట్టం ప్రకారం మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు చెట్లూ పొదలూ కొట్టడం మీద ఆంక్ష ఉంది. బెర్లిన్‌లో 1.3 మీటర్ల ఎత్తు దగ్గర చుట్టుకొలత 80 సెంటీమీటర్లు ఉన్న ఆకురాల్చే చెట్టుకు విడిగా రక్షణ. కాబట్టి ఆ జూన్ పట్టీ పనిని మీ ప్లాన్లో ముందే రాసి అనుమతిలో చేర్పించండి.

---

మజిలీ:

కొడవలి గారూ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు, చాలా థాంక్స్. బయలులో గడ్డి కోత ఎప్పుడు, దేనితో? కంకర మీద మిషను నడుస్తుందా?

---

కొడవలి:

నడుస్తుంది, బ్లేడు మిగలదు. ముందు ఇద్దరు నడిచి వదులు రాళ్లు, ఇనుప బోల్టులు, పట్టా బిగింపు క్లిప్పులు ఏరాలి. బయలు సమంగా ఉన్నచోట బార్ మోవర్ (కత్తెరలా కోసే మిషను), పట్టాల మధ్య పొడుగు పిడి కొడవలి. దారంతో కోసే బ్రష్‌కట్టర్ అయితే రాళ్లు ఎగజిమ్ముతుంది. ముఖానికి జాలీ కట్టుకుని, 15 మీటర్లలో ఎవరూ లేకుండా చూసుకోండి. గడ్డిని నుజ్జు చేసి అక్కడే వదిలే మల్చింగ్ మిషను మాత్రం అసలు తేవద్దు. కీటకాలు దానిలోనే నలిగిపోతాయి, నుజ్జు కుళ్లి నేలకు బలం చేరుతుంది. ఆ నేల విలువంతా దానికి బలం లేకపోవడంలోనే ఉంది.

సగం బయలును జులైలో, మిగతాదాన్ని సెప్టెంబరులో కోయండి. ప్రతిసారీ పదిలో ఒకటి రెండు వంతులు పట్టీలుగా కోయకుండా వదలాలి, ఆ పట్టీలు ఏటా చోటు మారాలి. కోత ఎత్తు 8-10 సెంటీమీటర్లు. కోసిన గడ్డిని రెండు మూడు రోజులు ఎండనిచ్చి, ఒకసారి తిరగేసి, అప్పుడు మోయాలి. ఆ రెండు రోజుల్లో గింజ రాలుతుంది, పురుగులు దిగిపోతాయి. ఇలాంటి చోట ఎండుగడ్డి హెక్టారుకు ఒకటి రెండు టన్నులే వస్తుంది. అంతకంటే ఎక్కువొస్తే సంతోషించకండి, నేల బలుస్తోందని అర్థం. దురదగొండిలాంటి నెటిల్ మొక్క గుబురుగా కనిపిస్తే అక్కడ ఒకప్పుడు రొబీనియా ఉండి ఉండొచ్చు. రొబీనియా చిక్కుడు కుటుంబం కదా, గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది. అలాంటిచోట మొదటి మూడేళ్లు ఏడాదికి రెండు కోతలు.

గొర్రెలు దొరికితే ఇంకా మంచిది. కానీ చిన్న మడి కట్టి, కొద్దిరోజులు ఉంచి, జరపాలి. ఒకేచోట వారాల తరబడి ఉంచితే ఆ పెంట కూడా ఎరువే.

---

మట్టివాసన:

కంకర మీద మట్టి తోలించాలా అన్న ప్రశ్న మిగిలిపోయింది. వద్దు. పిడికెడు కూడా వద్దు.

జర్మన్ ట్రాక్ కంకర 31.5 నుంచి 63 మిల్లీమీటర్ల రాయి, స్లీపరు కింద సుమారు 30 సెంటీమీటర్ల మందం. వాన పడిన గంటకు పైన చుక్క నీరుండదు, మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలుతుంది. ఆ కరువులో నిలబడగలిగే మొక్కలే అక్కడికి ప్రత్యేకం. 10 సెంటీమీటర్ల తోట మట్టి పరిస్తే రెండో ఏడాదికి నెటిల్, రోడ్డుపక్క గడ్డి వచ్చి వాటిని కప్పేస్తాయి. మట్టితో పాటు ఎవరి పొలం విత్తనాలో ఉచితంగా వస్తాయి. మొక్కలు కొని నాటాల్సిన పనీ లేదు. ఏళ్ల తరబడి వ్యాగన్ల నుంచి రాలిన గింజ, గాలికొచ్చిన గింజ చాలు.

కంకర పూర్తిగా గడ్డి కమ్మిపోతే మాత్రం అక్కడక్కడ తెరవాలి. 2 మీటర్లకు 2 మీటర్ల మడులు, ఎండ పడే దక్షిణపు వాలున, పై 5-10 సెంటీమీటర్లు గీకి ఇసుక బయటపెట్టాలి. ఇసుక బల్లి గుడ్లు పెట్టేది, నేల తేనెటీగలు బొరియలు తవ్వేది అక్కడే. బల్లి గుడ్లు వేసవి మొదట్లో పెడుతుంది, వేసవి చివర పిల్లలొస్తాయి, చలికాలం అది నేలలో నిద్రపోతుంది. అందుకని గీకుడు సెప్టెంబరు చివర, లోతుకు పోకుండా, ఏటా సగం మడులే. గీకిన రాళ్లను పక్కనే కుప్ప పోసి పైన రెండు దుంగలు పడేయండి, బల్లికి ఇల్లు.

ఇక ప్లాన్లో తప్పకుండా ఉండాల్సింది మట్టి పరీక్ష. యార్డంతా ఒకేలా మురికిగా ఉండదు. ఇంజను షెడ్డు, ఇంజన్ను తిప్పే టర్న్‌టేబులు, డీజిల్ పోసిన చోటు, పట్టాలు మారేచోట గ్రీజు పూసిన పాయింట్లు, ఈ నాలుగూ అనుమానితులు. వీటికి విడిగా నమూనాలు తీయండి, మిగతా స్థలంతో కలపొద్దు. కలిపితే సగటులో విషం దాగిపోతుంది. జనం తిరిగే చోట 0-10 సెంటీమీటర్లు ఒక పొర, 10-35 రెండో పొర. ఒక్కో మడిలో 15 నుంచి 25 చోట్ల కొద్దికొద్దిగా తీసి కలిపితే ఒక నమూనా. ల్యాబుకు చెప్పాల్సినవి: మినరల్ ఆయిల్, పీఏహెచ్‌లు (తారు, మసిలో ఉండే విష రసాయనాలు), సీసం, జింకు, రాగి, ఆర్సెనిక్, పాత కలుపుమందుల అవశేషాలు. పట్టాల మీద కలుపుమందు చల్లడం రైల్వేకు మామూలే కాబట్టి చివరిది మరవొద్దు.

చెక్క స్లీపర్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయని మెట్లకూ బెంచీలకూ రాస్తారు విద్యార్థులు. అవి క్రియోజోట్ (తారు నూనె) తాగిన చెక్క. ఎండలో నల్లటి జిగురు కారుతుంది, చేతికంటితే మంట. పట్టాల కింద ఉన్నవి ఉన్నట్టు వదిలేయొచ్చు. పైకి తీశారంటే అది ప్రమాదకర వ్యర్థం, లెక్క ప్రకారం పంపాల్సిందే. బెంచీలకు కొడవలి గారు ఎండబెట్టిన రొబీనియానే వాడండి. మందు పూయకుండా నేలలో ఏళ్లపాటు నిలిచే చెక్క అది.

---

సర్కారుతుమ్మ:

మన వైపు సంగతి. సూత్రం పనికొస్తుంది, కిటుకులు పనికిరావు.

బయలు, తోపు, అడవి అన్న విభజన అలాగే తీసుకోవచ్చు. మట్టి తోలొద్దన్నదీ అంతే. కానీ రొబీనియా స్థానంలో మనకున్నవి సుబాబుల్, సర్కారు తుమ్మ. ఈ రెండూ నత్రజని పట్టే జాతే, అయినా చంపే తీరు వేరు.

సుబాబుల్‌కు వేరు పిలకల బాధ దాదాపు లేదు. మొద్దు నుంచి చిగురిస్తుంది, అంతకంటే పెద్ద బాధ గింజ. కాయ పగిలితే కింద చాప పరిచినట్టు మొలకలు. గింజ నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. కాబట్టి కాయ ముదరకముందే తల్లి చెట్టు పోవాలి, తర్వాత ప్రతి వర్షాకాలం రెండు విడతలు మొలకలు పీకాలి. మేకలకు సుబాబుల్ ఆకంటే ప్రాణం, మొలకల మడి మీదికి తోలితే సగం పని అవే చేస్తాయి.

సర్కారు తుమ్మకు రింగు వేయడం వృథా, రింగు కింద నుంచే గుబురుగా లేస్తుంది. దాని చిగురు కళ్లు నేలమట్టానికి కాస్త కిందే ఉంటాయి. తొలకరికి నేల మెత్తబడ్డాక చుట్టూ తవ్వి, అడుగు లోతున తల్లివేరు తెగ్గొట్టి, మొద్దును పైకి తీసి పడేయాలి. పైపైన కొడితే బొగ్గుల బట్టీవాడికి లాభం, స్థలానికి కాదు. చెట్టు కొట్టే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి చూసుకోండి, 2002 నుంచి ఉంది అది. స్థలం రైల్వేదే అయితే వాళ్ల కాగితం లేకుండా లోపలికే పోవద్దు.

బయలులో అసలు శత్రువు వయ్యారిభామ. పువ్వు తెల్లబడకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకితే గింజను మనమే చల్లినట్టు. పుప్పొడి, ఆకు రసం రెండూ ఒంటికి దద్దుర్లు తెస్తాయి, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కోత క్యాలెండరు కూడా జులై-సెప్టెంబరు కాదు. మన గడ్డి వానలతో లేచి అక్టోబరు, నవంబరుల్లో గింజ రాలుస్తుంది, కోత ఆ తర్వాతే. ఫిబ్రవరి దాటకుండా ముగించాలి. ఆలస్యమైతే ఎండు గడ్డి, ఒక బీడీ ముక్క చాలు. సరిహద్దు వెంట 3 మీటర్ల పట్టీ శుభ్రంగా గీకి ఉంచండి.

బెర్లిన్‌లో స్లీపరు ఎత్తితే బల్లి. మన దగ్గర రక్తపింజర ఉండొచ్చు. చేత్తో ఎత్తొద్దు, గునపంతో మీ వైపుకు కాకుండా అవతలి వైపు తెరుచుకునేలా లేపండి. గమ్‌బూట్లు మోకాలి దాకా.

---

మజిలీ:

అందరికీ థాంక్స్ అండీ. మ్యాపు మూడు రంగుల్లో గీశాను. చివరి సందేహం: 3 హెక్టార్లలో బయలు ఒక హెక్టారు, రొబీనియా గుంపులు ఐదు ఉన్నాయి. మొదటి ఫిబ్రవరికి ఐదూ పెట్టేయనా?

---

కొడవలి:

వద్దు. రెండు పెట్టండి, బయలు అంచున ఉన్నవి. మధ్యస్థంగా ఉన్న కాండానికి ఒక్కరికి 10-15 నిమిషాలు వేసుకోండి. గుంపులో కాండాలు లెక్కపెట్టి గుణించి, వచ్చినదానికి మరో సగం కలపండి, వేసవి గీకుళ్లకు అది పోతుంది. ఆ రెండింట్లో జూన్ పట్టీ పని అయ్యాకే మిగతా మూడు. అడవి గీత లోపల పడిన గుంపు ఏదైనా ఉంటే దాన్ని జాబితాలోంచే తీసేయండి, అక్కడ రొబీనియా ఉండటంలో తప్పేం లేదు.